కొనే ముందు ఒక పని చేసి చూడండి

"ఏ కెమెరా కొనమంటారండీ?"

వీడియో పని నేర్చుకుంటామని వచ్చే కుర్రాళ్ళలో ఎక్కువమంది మొదటి మాట ఇదే. రాజమండ్రి దగ్గరి కోరుకొండ నుంచి వచ్చినా, గోకవరం నుంచి వచ్చినా, సీతానగరం నుంచి వచ్చినా ప్రశ్న మారదు. అప్పటికే యూట్యూబులో రివ్యూలన్నీ చూసేసి ఉంటారు. అమ్మ కట్టే చీటీ మీదో, ఇంట్లో బంగారం మీదో లెక్కలు కూడా వేసుకుని ఉంటారు. వాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. ముందు ఒక పని ఒప్పుకోండి, చిన్నదైనా సరే. మీ దగ్గర ఉన్న ఫోనుతో ఆ పనిని మొదటి నుంచి చివరి దాకా పూర్తి చేసి అవతలి వాళ్ళ చేతిలో పెట్టండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడికి కావలసిన వస్తువు మాత్రమే కొనండి.

ఇది డబ్బు లేనివాళ్ళకు చెప్పే ఓదార్పు మాట కాదు. డబ్బున్నవాళ్ళకూ ఇదే చెబుతాను. ఏ వస్తువైనా దుకాణంలో చూస్తే అవసరంగానే కనిపిస్తుంది. మనకు నిజంగా ఏది లోటో పని మధ్యలో ఉన్నప్పుడే తెలుస్తుంది.

మన ప్రాంతానికి ఈ విషయంలో ఒక చరిత్ర ఉంది. 1930ల్లో తెలుగు సినిమా తీయాలంటే ఊరు విడిచి పోవాల్సిందే. కాకినాడ వాస్తవ్యులు చిత్తజల్లు పుల్లయ్య గారు 1933లో 'సతీ సావిత్రి', 1934లో 'లవకుశ' తీసింది కలకత్తాలో, ఈస్ట్ ఇండియా ఫిల్మ్ కంపెనీ కోసం. ఆ దూరం తగ్గించాలని నిడమర్తి సూరయ్య గారు 1936లో రాజమండ్రిలోనే దుర్గా సినీటోన్ స్టూడియో కట్టారు. ఆంధ్రదేశంలో తొలి స్టూడియో అదే. ఎక్కువ కాలం నిలవలేదు. స్టూడియో అంటే స్థలం, యంత్రాలు, ఫిల్ము, ల్యాబు, జీతాలు. ఒక ఊరి పెట్టుబడి మోసే బరువు కాదది. తెలుగు సినిమా చాలా ఏళ్ళు మద్రాసులోనే ఉండిపోయింది. సూరయ్య గారు అంత ఖర్చు పెట్టి సొంత ఊళ్ళో తెచ్చిపెట్టాలనుకున్న ఏర్పాటులో సగానికి పైగా ఇవాళ కోరుకొండ బస్టాండులో నిలబడిన కుర్రాడి జేబులో ఉంది. చిత్రం తీయడం, శబ్దం పట్టడం, కత్తిరించడం, జనానికి చూపించడం, అన్నీ ఒక్క ఫోనులోనే. ఈ అదృష్టం విలువ మన పిల్లలకు గట్టిగా చెప్పాలి.

నిదర్శనం కావాలంటే దూరం వెళ్ళక్కర్లేదు. మస్తానమ్మ గారు నూరేళ్ళు దాటారని చెప్పుకున్న వయసులో 'కంట్రీ ఫుడ్స్' ఛానల్‌లో వంట చేసి ప్రపంచమంతటినీ కూర్చోబెట్టారు. 2018 డిసెంబరులో ఆమె కన్నుమూసినప్పుడు విదేశీ పత్రికలు కూడా వార్త రాశాయి. ఆ వీడియోల్లో సెట్టు లేదు, లైట్లు లేవు. ఆరుబయట పగటి వెలుతురు, కట్టెల పొయ్యి, ఆమె చేతులు, అంతే. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో శ్రీకాంత్ శ్రీరామ్ 2012లో మొదలుపెట్టిన 'మై విలేజ్ షో' సంగతీ తెలిసిందే. గంగవ్వ అక్కడి నుంచే 2020లో బిగ్‌బాస్ దాకా వెళ్ళింది. ఈ రెండింటిలోనూ జనం చూసింది మనిషినీ, ఊరినీ. ఏ లెన్సుతో తీశారని ఎవరూ అడగలేదు.

పరీక్షకు ఒక అసలైన పని

కొత్త యాప్ వేసుకోగానే మనం చేసే పని ఏమిటి? ఇంటి గోడనో, పెరట్లో మందార పువ్వునో తీసి "బాగానే వస్తోంది" అనుకుంటాం. అది పరీక్ష కాదు. పువ్వు కదలదు, మాట్లాడదు, రేపటికల్లా కావాలని ఫోను చేయదు. పరీక్ష అంటే అవతల ఒక మనిషి ఎదురుచూస్తూ ఉండాలి.

మన చుట్టుపక్కల అలాంటి పనులకు కొదవలేదు. కడియం నర్సరీ వాళ్ళకు మొక్కలు చూపించే వీడియోలు కావాలి. ఓణీల ఫంక్షన్లు, స్కూలు వార్షికోత్సవాలు, కొత్తగా తెరిచిన టిఫిన్ సెంటర్లు, అన్నీ పనులే. నన్నడిగితే మొదటి పరీక్షకు పూతరేకులను మించినది లేదు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ తర్వాత ఆన్‌లైన్‌లో అమ్ముకుందామనుకునే కుటుంబాలు పెరిగాయి. రెండు నిమిషాల వీడియో చాలు వాళ్ళకు. మీకు మాత్రం ఆ రెండు నిమిషాల్లో ఫోను చేయగలిగిందీ, చేయలేనిదీ మొత్తం బయటపడుతుంది.

ఎలాగంటే, బోర్లించిన కుండ నల్లగా ఉంటుంది. దాని మీద పల్చటి బియ్యప్పిండి జారులో తడిపిన గుడ్డ పరిచి లాగగానే తెల్లటి రేకు పుడుతుంది. ఫోను నల్ల కుండను చూసి "చీకటిగా ఉంది" అనుకుని వెలుతురు పెంచేస్తుంది. దాంతో రేకు తెల్లగా మాడిపోయి, అందులోని సన్నటి అల్లిక ఒక్కటీ కనిపించదు. అప్పుడు తెర మీద రేకు ఉన్న చోట వేలు పెట్టి కాసేపు నొక్కి ఉంచండి. ఫోకసూ వెలుతురూ అక్కడే బిగుసుకుంటాయి. తర్వాత పక్కన కనిపించే గుర్తును కిందికి జరిపి వెలుతురు తగ్గించండి. ఇప్పుడు రేకు రేకులా కనిపిస్తుంది. మీ ఫోను కెమెరాలో ఈ సౌకర్యం సరిగా లేకపోతే 'ఓపెన్ కెమెరా' అనే ఉచిత యాప్ వేసుకోండి. ప్రకటనలు ఉండవు. చేత్తో సర్దుకునే మీటలు ఉంటాయి, రికార్డు అవుతున్న శబ్దం ఎంత వస్తోందో తెర మీద చూసుకోవచ్చు. 'బ్లాక్‌మ్యాజిక్ కెమెరా' కూడా ఉచితమే, ఇంకా బాగుంటుంది. కానీ ఆండ్రాయిడ్‌లో అన్ని ఫోన్లలోనూ నడవదు, ముందు మీ ఫోనులో చూసుకోండి.

రేకు గాజులా వెలుతురును లోపలికి రానిస్తుంది. అందుకని రేకులు తీసే ఆమెను తలుపుకు ఎదురుగా కాకుండా, తలుపు ఆమెకు వెనకవైపు ఒక పక్కగా ఉండేలా కూర్చోమనండి. రేకు ఎత్తిన క్షణంలో వెనక వెలుగు అందులోంచి వస్తుంది. ముఖం మీద చీకటి పడితే ముందు వైపు ఒక తెల్లటి థర్మోకోల్ షీటు నిలబెట్టండి. పెద్ద షూటింగుల్లో కూడా థర్మోకోల్ వాడతారు, మీరేమీ తక్కువ రకం పని చేస్తున్నట్టు కాదు. పొయ్యిలో మండే కొబ్బరాకు పొగ లెన్సుకు పట్టేస్తుంది, నెయ్యి వేళ్ళు ఎలాగూ తగులుతాయి. మెత్తటి నూలు గుడ్డ జేబులో ఉంచుకుని ప్రతి షాటుకూ ముందు తుడవండి. చవకైన పరికరాల్లో అన్నిటికంటే చవకైనది ఆ గుడ్డే, బొమ్మ బాగుపడేదీ ఎక్కువగా దానివల్లే.

తీసింది ఆ రాత్రే కత్తిరించి, ఆ కుటుంబానికి వాట్సాప్‌లో పంపండి. మామూలు వీడియోగా పంపితే వాట్సాప్ దాన్ని నొక్కి చిన్నది చేసేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళుతుంది. వాళ్ళు తమ ఫోనులో చూసి ఏమంటారో వినండి. "మా అత్తయ్య మాట వినపడట్లేదండి" అన్నారా? మీ మొదటి కొనుగోలు ఏమిటో తేలిపోయింది.

మొదటి రూపాయి మైకుకే

నూటికి తొంభై సందర్భాల్లో వచ్చే ఫిర్యాదు అదే. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం ఓర్చుకుంటారు. మాట వినపడకపోతే వేలితో పైకి తోసేస్తారు. అందుకే కెమెరా కంటే ముందు మైకు అని నేను మొండిగా చెబుతాను.

కోరుకొండ తీర్థంలో ఒక్కసారి ప్రయత్నించి చూడండి. ఫాల్గుణ మాసంలో లక్ష్మీనరసింహస్వామి కల్యాణానికి జనం విరగబడతారు. ఒక పక్క మైకుసెట్టు, ఇంకో పక్క జీళ్ళ కొట్ల అరుపులు, రంగులరాట్నం మోత. ఆ మధ్యలో ఒక పెద్దాయన చేత స్వామి మహిమ చెప్పించాలి. ఫోను మైకు ఇవన్నీ సమానంగా పట్టేసి ఆయన గొంతును ముంచేస్తుంది. మైకు ఎంత ఖరీదైనదన్నది తర్వాతి సంగతి, నోటికి ఎంత దగ్గరగా ఉందన్నదే అసలు సంగతి. గడ్డానికి జానెడు కింద, చొక్కాకు తగిలించిన వెయ్యి రూపాయల వైరు మైకు ముందు పది అడుగుల దూరంలో ఉన్న వేల రూపాయల మైకు నిలవదు.

బోయా ఎమ్1 లాంటి వైరు మైకుకు ఆరు మీటర్ల తీగ వస్తుంది. మొదటి మైకుగా చాలు. అందులో చిన్న గుండీ బ్యాటరీ ఉంటుంది, ఫోనుకూ కెమెరాకూ మార్చుకునే మీట ఉంటుంది. మీట తప్పు వైపు ఉంటే శబ్దం రాదు, తీసే ముందు చూసుకోండి. ఇంకో మైకు కొనేటప్పుడు పిన్ను చూడండి. నల్ల గీతలు మూడుంటే ఫోనుది, రెండుంటే కెమెరాది. మీ ఫోనుకు గుండ్రటి రంధ్రం లేకపోతే టైప్-సి కన్వర్టర్ కావాలి. చవక కన్వర్టర్లు కొన్ని పాట వినిపిస్తాయి కానీ మైకును లోపలికి తీసుకోవు, దుకాణంలోనే రికార్డు చేసి, విని తీసుకోండి.

మైకు కూడా కొనకుండా గట్టెక్కే దారి ఉంది. ఇంట్లో ఇంకో పాత ఫోను ఉంటుంది కదా. దాన్ని వాయిస్ రికార్డరులో పెట్టి, మాట్లాడేవారి పై జేబులో ఉంచండి. మొదట్లో కెమెరా ఎదుట ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. ఎడిటింగులో ఆ చప్పట్ల శబ్దం రెండింట్లోనూ కలిపేస్తే సరి. రెండు ఫోన్లూ ఫ్లైట్ మోడ్‌లో పెట్టడం మరవకండి. మంచి మాట మధ్యలో ఫోను మోగిందంటే ఆ మాట మళ్ళీ రాదు.

వైర్‌లెస్ మైకుల జత ఇప్పుడు చాలా చవకైపోయింది. పెళ్ళిళ్ళలో నడుస్తూ మాట్లాడేవాళ్ళకు అది నిజంగా సుఖం. కానీ చవక రకాలు జనం మధ్యలో మాట తెంపేస్తాయి. కొనే ముందు తెలిసినవారి దగ్గర అరువు తీసుకుని, ఇంట్లో కాకుండా సంతలో పరీక్షించండి.

ట్యూబులైటు, ఎండ, చోటు

ఈ మూడు చిన్న సంగతులే, తెలియకపోతే మాత్రం కొత్త కెమెరా కొన్నా ఇబ్బంది తప్పదు.

కల్యాణమంటపంలో తీసిన వీడియోలో నల్ల చారలు పాకుతున్నట్టు కనిపిస్తే ఫోను చెడిపోయిందనుకోకండి. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు, దాంతో దీపాలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 50వ వంతు పెట్టుకోండి, చారలు చాలామటుకు పోతాయి.

రాజమండ్రి ఎండల గురించి మనకెవరూ చెప్పక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో ఫోను వేడెక్కి రికార్డింగు దానంతట అదే ఆగిపోతుంది. కవరు తీసేయండి, గొడుగు పట్టే తోడును తీసుకెళ్ళండి, తెర వెలుగు తగ్గించండి. అన్నిటికంటే ముఖ్యంగా, అవసరం లేని చోట 4కె వాడకండి. ఫుల్ హెచ్‌డీ మామూలుగా నిమిషానికి 150 ఎంబీ దాకా పడితే 4కె దానికి రెండింతలు దాటిపోతుంది. గంటసేపు కార్యక్రమం ఫుల్ హెచ్‌డీలో 9 జీబీ, 4కెలో 20 జీబీ పైమాటే. చూసేవాళ్ళు చూసేది అరచేతంత తెర మీద.

కత్తెర పని

ఎడిటింగు దగ్గర మన కుర్రాళ్ళు చేసే ఒక పనిని గట్టిగా వద్దంటాను. పెన్‌డ్రైవులో ఎవరో ఇచ్చిన క్రాక్ సాఫ్ట్‌వేర్ వేసుకోవడం. దాంతో వచ్చే వైరస్ పెళ్ళివారి ఫైళ్ళను తినేస్తే మీరు ఏమి చెప్పినా వాళ్ళకు ఆ పెళ్ళి మళ్ళీ రాదు. ఆ గతి పట్టాల్సిన అవసరం ఇవాళ ఎవరికీ లేదు. షాట్‌కట్, కెడెన్‌లైవ్ పూర్తిగా ఉచితం, వీడియో మీద తమ ముద్ర వేయవు, 8 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తాయి. అప్పటికీ తెర నత్తనడక నడిస్తే ప్రాక్సీ ఆన్ చేయండి. అసలు ఫైలుకు బదులు చిన్న నకలుతో పని నడుస్తుంది, చివర్లో అసలు దానితోనే వీడియో తయారవుతుంది. డావిన్చీ రిజాల్వ్ ఉచిత రూపం సినిమా వాళ్ళు వాడే రంగుల పని కూడా చేస్తుంది, 4కెలో కూడా ఇస్తుంది. కానీ దానికి 16 జీబీ ర్యామూ మంచి గ్రాఫిక్స్ కార్డూ కావాలి. ఆ కంప్యూటరు లేనివాళ్ళు దాని జోలికి పోయి నిరుత్సాహపడవద్దు.

ఫోనులోనే చేసుకునేవాళ్ళకు కైన్‌మాస్టర్, విఎన్, ఇన్‌షాట్ ఉన్నాయి. కైన్‌మాస్టర్ ఉచిత రూపంలో తన ముద్ర వేస్తుంది. ఏడు రోజులు ఉచితమంటూ యూపీఐ ఆటోపే అడిగే యాప్‌ల విషయంలో జాగ్రత్త. ఒప్పుకున్న రోజునే ఎప్పుడు రద్దు చేయాలో క్యాలెండరులో రాసుకోండి. ఒక్క యాప్ మీదే జీవనం కట్టుకోకండి కూడా. 2020 జూన్ 29న 59 యాప్‌లను ప్రభుత్వం నిషేధించినప్పుడు టిక్‌టాక్ ఒక్క రాత్రిలో పోయింది. దాని మీదే పేరు తెచ్చుకున్న మన పల్లెటూరి కళాకారులు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. మీరు తీసిన అసలు ఫైళ్ళు మీ హార్డ్‌డిస్కులో ఉంటే ఏ యాప్ పోయినా భయం లేదు.

హరికథ లాంటి పొడుగాటి రికార్డింగులో చివరికొచ్చేసరికి పెదవులకూ మాటకూ పొంతన కుదరకపోవచ్చు. ఫోను ఫ్రేములను సమంగా వేయకపోవడమే దానికి కారణం. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేమ్ రేటు స్థిరంగా ఉండేలా మార్చుకుని తర్వాత కత్తిరించండి.

ఏ ఎడిటరు నచ్చినా, దాన్ని ఖాయం చేసుకునే ముందు నేను పెట్టే పరీక్ష ఒకటుంది. టైటిల్‌లో "కోరుకొండ శ్రీ లక్ష్మీనరసింహస్వామి" అని టైపు చేయండి. 'క్ష్మీ' విడిపోయిందా, 'స్వా' కింద వత్తు ఊడిపోయిందా చూడండి. తెలుగు రాని ఎడిటర్లు ఈ ఒక్క పేరు దగ్గరే దొరికిపోతాయి. శుభలేఖలో అక్షరం తప్పితే ఎంత నామోషీయో వీడియోలోనూ అంతే. ఫాంట్లకు డబ్బు పెట్టనక్కర్లేదు. రామభద్ర, మండలి, సురన్న, గిడుగు, పెద్దన వంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, వ్యాపారానికీ వాడుకోవచ్చు. దూరం నుంచి చదవాల్సిన పేర్లకు రామభద్ర దిట్టంగా ఉంటుంది. డీటీపీ షాపుల్లో వాడే అను ఫాంట్లతో రాసింది నేరుగా ఎడిటరులో అతికిస్తే గజిబిజి అవుతుంది, దాన్ని యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

సినిమా పాట వేస్తే పెళ్ళివారు సంతోషిస్తారు, యూట్యూబు మాత్రం కాపీరైటు నోటీసు పంపుతుంది. పెళ్ళివారికి ఇచ్చేది వేరు, ఛానల్‌లో పెట్టేది వేరు చేసుకోండి. యూట్యూబు ఆడియో లైబ్రరీ ఉచితమే. అంతకంటే మంచి దారి, ఊళ్ళో డోలు సన్నాయి వాయించేవారిని అడిగి, వారికి తగిన డబ్బిచ్చి, వారి వాద్యం రికార్డు చేసుకోవడం.

ఒక చిన్న మాట. 'కోరుకొండ' అని మాత్రమే పేరు పెడితే వెతికేవాళ్ళకు విజయనగరం దగ్గరి సైనిక్ స్కూలు కోరుకొండ వస్తుంది. తూర్పు గోదావరి, రాజమండ్రి అనే మాటలు టైటిల్‌లోనో వివరణలోనో తప్పక రాయండి.

డ్రోన్ సంగతి

పైనుంచి తీసిన షాటు కావాలని అందరికీ ఉంటుంది. కోరుకొండ వాళ్ళు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. రాజమండ్రి విమానాశ్రయం ఉన్న మధురపూడి ఈ మండలంలోనిదే. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం విమానాశ్రయం ప్రహరీ నుంచి 8, 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగులు దాటితే అనుమతి కావాలి. అంతకంటే దగ్గరైతే ఎంత ఎత్తులోనైనా అనుమతి లేకుండా ఎగరేయకూడదు. 250 గ్రాముల లోపు నానో డ్రోనుకు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదన్న మాట నిజమే, అయినా ఈ దూరాల నిబంధన దానికీ వర్తిస్తుంది. ప్రభుత్వ 'డిజిటల్ స్కై' వెబ్‌సైటు మ్యాపులో మీరు నిలబడిన చోటు ఏ రంగు జోన్‌లో ఉందో చూసుకోండి.

అసలు కోరుకొండకు డ్రోన్ ఎందుకు? నిట్రంగా నిలబడ్డ కొండ మనకు ఉంది. ఆరు వందలకు పైగా ఉన్న మెట్లు ఎక్కితే కింద ఊరూ, పొలాలూ పరిచినట్టు కనిపిస్తాయి. తెల్లవారుజామున ఎక్కండి, ఫోను పిట్టగోడ మీద కదలకుండా పెట్టి నెమ్మదిగా తీయండి. గుడి లోపల తీయాలంటే అర్చకులను, ఆలయ అధికారులను అడిగి తీయండి, కాదంటే మానేయండి.

ఎప్పుడు కొనాలి

నేను చెప్పే వరుస ఇది. మొదట మైకు. తర్వాత గట్టి స్టాండు, ఎందుకంటే వణికే బొమ్మను ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగు చేయలేదు. ఆ తర్వాత హార్డ్‌డిస్కు. లైటు నాలుగో స్థానం, అదీ రాత్రి పనులు వస్తుంటేనే. కెమెరా చిట్టచివర. రాజమండ్రిలో పెళ్ళి వీడియోల వాళ్ళ దగ్గర కెమెరాలు అద్దెకు దొరుకుతాయి. ఒక పనికి అద్దెకు తెచ్చుకోండి, ఆ అద్దె ఆ పనిలోంచే రాబట్టండి. నెల నెలా అద్దె కడుతూనే ఉన్నాననిపించి, ఆ డబ్బుతో వాయిదా కట్టేయొచ్చని లెక్క తేలిన రోజున కొనండి. యూట్యూబు ఆదాయాన్ని నమ్ముకుని మాత్రం వాయిదాల మీద కొనకండి. ప్రకటనల వాటా రావాలంటే 1000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు ఏడాదిలో 4000 గంటల వీక్షణ అయినా, 90 రోజుల్లో కోటి షార్ట్స్ వీక్షణలైనా ఉండాలి. ఊళ్ళో వ్యాపారి ఇచ్చే పనికి ఆ గీటురాయి లేదు, పని బాగుంటే డబ్బు ఆ వారమే చేతికి వస్తుంది.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. రాజమండ్రికి లక్షల మంది వస్తారు, ప్రతి హోటలుకూ, ప్రతి మిఠాయి కొట్టుకూ, ప్రతి సత్రానికీ తమను చూపించే వీడియో కావాలి. అప్పటికి పని వచ్చినవాళ్ళుగా మీరు తయారుగా ఉండాలంటే ఈ ఆదివారమే మొదలుపెట్టండి. మీ వీధిలో ఎవరి వ్యాపారానికి వీడియో లేదో చూసి, వెళ్ళి అడగండి. ఉన్న ఫోనుతో తీసి, సోమవారం పొద్దున్నకల్లా వాళ్ళ చేతికివ్వండి.